ఫిబ్రవరి 9: ప్రతిజ్ఞ అయిపోయాక ఇటుక బట్టీ దగ్గర ఏం చేయాలి?

ఏలేరు_గట్టు
వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 ఫిబ్రవరి 9న వచ్చిందని ఏటా ఆ రోజు ఆఫీసుల్లో ప్రతిజ్ఞ చేయిస్తారు. బ్యానర్ కడతారు, చెయ్యి చాపి చదువుతారు, ఫొటో దిగుతారు, టీ తాగుతారు. ఆ చట్టం ఎవరి కోసం వచ్చిందో వాళ్లు మాత్రం ఆ హాల్లో ఒక్కరూ కనపడరు. అదే సమయానికి బట్టీల్లో సీజన్ మధ్యలో ఉంటుంది, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఇటుకలు కోస్తూ ఉంటాయి.
ఈసారి ఒక మండలం తీసుకుని పనికొచ్చే పని చేద్దామని మా యువజన సంఘం ఆలోచన. ఇరవై మంది వలంటీర్లున్నారు, డబ్బు పెద్దగా లేదు. చట్టం తెలిసినవాళ్లు, బట్టీల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమ్మక్క_వాగు
ముందు తారీఖు సంగతి చూడండి. చట్టం ఫిబ్రవరి 9దే గానీ అమలు 1975 అక్టోబర్ 25 నుంచే అని చట్టంలోనే ఉంది. ముందు ఆర్డినెన్స్ వచ్చింది గద. ఆ రోజుతోనే వెట్టి అప్పులన్నీ రద్దు. ఏదన్న కేసుల "మా అప్పు పాతది" అని వాదిస్తే పట్టుకోవాల్సింది ఆ తారీఖునే.

పెన్నా_ఇసుక
ఐక్యరాజ్య సమితి బానిసత్వ నిర్మూలన దినం డిసెంబర్ 2. మనుషుల అక్రమ రవాణా మీద ఒడంబడిక 1949లో ఆ రోజే ఆమోదించారు. ఆగస్టు 23 ఇంకోటి, 1791లో హైతీలో బానిసల తిరుగుబాటు మొదలైన రాత్రికి గుర్తు. ఏ రోజైనా ఒకటే, పని జరగాలి.

కోరింగి_రేవు
ఒకటే కాదండీ. ఏ రోజు ఎంచుకుంటామో దాన్నిబట్టి ఏం గుర్తుపెట్టుకుంటామో ఉంటుంది. మారిషస్ చూడండి, అక్కడ రెండు సెలవులున్నాయి. ఫిబ్రవరి 1 బానిసత్వ రద్దు దినం, నవంబర్ 2 కాంట్రాక్టు కూలీలు దిగిన రోజు.

బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం 1833లో చేసింది. చాలా వలసల్లో 1834 ఆగస్టు 1న అమలైంది, మారిషస్‌కి వచ్చేసరికి 1835 ఫిబ్రవరి 1 అయింది. అప్పుడు కూడా వదల్లేదు. "అప్రెంటిస్" అని పేరు మార్చి పాత యజమాని దగ్గరే పని చేయించారు, అది 1839 మార్చి ఆఖరుదాకా సాగింది. పరిహారం కింద మొత్తం 2 కోట్ల పౌన్లు పంచారు, అందులో మారిషస్ వాటా 21 లక్షల పౌన్లకు పైనే. ఆ డబ్బు యజమానులకు వెళ్లింది. విడుదలైన మనిషికి ఒక్క పెన్నీ లేదు, సెంటు భూమి లేదు. ఈ పరిహారం కోసం చేసిన అప్పు బ్రిటన్ ఖజానా తీర్చడం 2015లో గానీ పూర్తి కాలేదు.

చెరకు తోటలకు మనుషులు కావాలి కాబట్టి 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో 36 మందిని కలకత్తా నుంచి దించారు. ఆ తర్వాత మన కోరంగి రేవు నుంచీ ఎక్కించారు. అందుకే అక్కడి తెలుగువాళ్లని కోరింగీలు అనేవారు. అంటే మన తాతల్ని ఓడ ఎక్కించింది రద్దు చట్టం వల్ల ఏర్పడిన ఖాళీయే.

మారిషస్‌లో ల మోర్న్ కొండ మీద పారిపోయిన బానిసలు దాక్కునేవారు. రద్దు కబురు చెప్పడానికి వచ్చిన పోలీసుల్ని చూసి, పట్టుకుపోతారనుకుని కొండ మీంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నిజంగా జరిగిందో లేదో గానీ ఆ కథ జనం నోట్లో నిలిచిపోయింది. 2008లో యునెస్కో ఆ కొండని వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా ఫిబ్రవరి 1న జనం ఆ కొండ కిందే చేరతారు.

రుద్రవరం_రవి
మంచి చరిత్రే గానీ ఏలేరు గారు అడిగింది బట్టీ గురించి. దారి తప్పుతున్నాం.

కోరింగి_రేవు
దారిలోనే ఉన్నాం రవి గారూ. అక్కడ యజమానికి డబ్బిచ్చారు, బానిసకు ఖాళీ చేతులు. మన 1976 చట్టం దాన్ని తలకిందులు చేసింది. యజమానికి పైసా లేదు, అప్పే రద్దు. ఈ ఒక్క ముక్క కూలీల చెవిన పడితే సగం పని అయినట్టే. చాలా చోట్ల "అప్పు కట్టేస్తే పంపించేస్తాను" అంటే ఊళ్లోవాళ్లు చందాలేసి కట్టి విడిపిస్తారు. అలా కట్టకూడదు.

సెక్షన్_చదువరి
కరెక్ట్. సెక్షన్ 6 ప్రకారం అప్పు తీర్చే బాధ్యతే ఉండదు. సెక్షన్ 9 ప్రకారం రద్దయిన అప్పు మీద డబ్బు తీసుకున్న యజమానికి మూడేళ్ల దాకా జైలు. తాకట్టు పెట్టిన వస్తువుంటే సెక్షన్ 7 కింద వెనక్కివ్వాలి. సెక్షన్ 8 ప్రకారం వాళ్లుంటున్న గుడిసెలోంచి వెళ్లగొట్టకూడదు. యజమాని అప్పు వసూలుకి దావా వేస్తే కూలీ తరఫున వాదించాల్సింది విజిలెన్స్ కమిటీ (ఈ చట్టం కింద జిల్లాకీ డివిజన్‌కీ వేసే కమిటీ). అది సెక్షన్ 14లో ఉంది, దాన్ని ఎవరూ వాడరు.

కోరింగి గారి మాటకి ఒకటి కలుపుతాను. 1833 చట్టం కంపెనీ పాలనలో ఉన్న మన దేశానికి వర్తించలేదు, అందులోనే మినహాయించారు. ఇక్కడికి 1843లో ఐదో చట్టం వచ్చింది. అదీ "బానిస నా ఆస్తి" అనే హక్కుని కోర్టులు ఒప్పుకోవద్దు అన్నదే గానీ ఎవర్నీ విడిపించలేదు. బానిసగా కొనడం అమ్మడం నేరమైంది 1860 శిక్షాస్మృతితో. ఆస్తి హక్కు పోయాక అప్పు కాగితం వచ్చి ఆ చోట్లో కూర్చుంది.

సమ్మక్క_వాగు
మా దిక్కు కాగితం గూడ లేదు. గడీల వెట్టి అంటే కులాన్ని బట్టి పని. చాకలి బట్టలుతకాలె, మంగలి గడ్డం గీయాలె, కుమ్మరి కుండలియ్యాలె, మాదిగ చెప్పులియ్యాలె, అన్నీ ఫుకట్‌గ. నిజాం సర్కార్ భగేలా (అప్పు కింద చాకిరీ) ఒప్పందాల మీద చట్టం చేసింది గానీ దొర గడీ దాక రాలె. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమరయ్యను కాల్చినంక జనం లేచిన్రు, వెట్టి అప్పుడు పోయింది. చట్టంతోని కాదు. ఫిబ్రవరి 9న ఆయన పేరు తియ్యకుంట ప్రతిజ్ఞ చదివితే నాకు మనసున పట్టది.

మన్యం_మువ్వ
ఏజెన్సీలో గోతీ అనేవారు. అప్పు తీరేదాకా షావుకారింట్లో చాకిరీ, అతను పోతే కొడుకు. దాని మీద 1940లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ అప్పు వెట్టి నిర్మూలన రెగ్యులేషన్ తెచ్చింది. అంటే మన దగ్గర రద్దు ఒకసారి జరగలేదు, నాలుగైదు సార్లు జరిగింది. ప్రతిసారీ వేరే పేరుతో తిరిగొచ్చింది.

రుద్రవరం_రవి
అది ఒప్పుకుంటా. కానీ బట్టీ కూలీని బానిస అనడం ఎక్కువ కాదా? వాడు అడ్వాన్సు ఇష్టపడే తీసుకున్నాడు. సీజనైతే వెళ్లిపోతాడు. గొలుసులేమీ లేవు.

సెక్షన్_చదువరి
గొలుసు అక్కర్లేదు రవి గారూ. సెక్షన్ 2(జి) చూడండి. అప్పు గానీ అడ్వాన్సు గానీ ఆచారం గానీ కులం గానీ కారణంగా పని చేస్తూ, ఈ నాలుగింటిలో ఒక్కటి పోగొట్టుకున్నా చాలు:

కనీస వేతనం రాకపోవడం. వేరే చోట పని చేసుకునే స్వేచ్ఛ లేకపోవడం. ఎక్కడికైనా వెళ్లొచ్చే స్వేచ్ఛ లేకపోవడం. తన కష్టాన్నో సరుకునో బజారు ధరకు అమ్ముకోలేకపోవడం.

నాలుగూ ఉండాలని ఆఫీసర్లు పొరబడతారు. అక్కడే సగం కేసులు పోతాయి. 1985 సవరణతో కాంట్రాక్టు కూలీలు, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వలస కూలీలు కూడా ఇందులోకే వస్తారని స్పష్టం చేశారు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణ కింద బలవంతపు చాకిరీ అంది. ఆకలి కూడా బలవంతమేనని ఆ తీర్పు సారం. బంధువా ముక్తి మోర్చా అనే సంస్థ వేసిన కేసులో కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. బలవంతపు చాకిరీ అని తేలితే వెనక అప్పు ఉందనే అనుకోవాలి, లేదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. చట్టంలో సెక్షన్ 15 కూడా అదే. జీతం (అప్పు కింద జీతగాడిగా ఉండటం), పాలేరు, భగేలా, వెట్టి లాంటి పద్ధతుల్లో రాతపూర్వక ఒప్పందం లేకపోయినా ఉన్నట్టే లెక్క, అది 2(బి) వివరణలో ఉంది.

బట్టీ_లెక్కలు
రవి గారి "సీజనైతే వెళ్లిపోతాడు" దగ్గర ఆగుదాం. లెక్క ఇలా వేయండి. భార్యాభర్తలు, ఇద్దరూ 150 రోజులు చేశారనుకోండి. 300 పనిదినాలు. అడ్వాన్సు 60 వేలు, అందులోనే అన్నీ తీరాయని యజమాని అంటాడు. 60 వేలు భాగించు 300, రోజుకి 200. దాన్ని ప్రభుత్వం ఇటుక బట్టీ పనికి ప్రకటించిన కనీస వేతనంతో పోల్చండి. పిల్లలు ఇటుకలు తిప్పి ఆరబెడితే వాళ్ల పని ఈ లెక్కలోకే రాదు.
వెయ్యి ఇటుకలకు ఇంత అని రేటు ఉంటుంది. వానకు తడిసినవాటికి, విరిగినవాటికి కూలిలో కోసేస్తారు. వారం వారం బియ్యానికి, నూనెకి ఇచ్చిన డబ్బు పుస్తకంలో రాసుకుని చివర్లో తీసేస్తారు. ఆ పుస్తకం యజమాని దగ్గరే ఉంటుంది. సీజన్ చివర్లో "ఇంకా ఎనిమిది వేలు బాకీ, వచ్చే ఏడు రా" అనడం మామూలు. వెళ్లిపోవడం అంటే అదే, తాడు పొడుగైంది అంతే.

రుద్రవరం_రవి
సరే, ఆ లెక్క చూశాక నా మాట నిలబడదు. ఇప్పుడు ఏలేరు గారికి దారి చెప్పండి.

విముక్తి_పత్రం
చెప్తాను. కాస్త పెద్దగానే ఉంటుంది.

ముందు ఫిబ్రవరి 9 కంటే రెండు వారాలు ముందే కలెక్టర్ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అడగాల్సినవి మూడే: జిల్లా, డివిజన్ విజిలెన్స్ కమిటీలు ఎప్పుడు వేశారు, సభ్యులెవరు; చివరి మీటింగు మినిట్స్; విముక్తులైనవారి రిజిస్టరు నకలు. జిల్లా కమిటీకి కలెక్టర్, డివిజన్ కమిటీకి ఆర్డీవో అధ్యక్షులు. ఎస్సీ, ఎస్టీల నుంచి ముగ్గురు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు ఉండాలి. పదవీకాలం రెండేళ్లు. చాలా చోట్ల గడువు తీరి కొత్తది వేయరు. అలాంటప్పుడు మీ మెమొరాండంలో మొదటి డిమాండ్ అదే.

వలంటీర్లు బట్టీలోకి నేరుగా వెళ్లి "మీరు వెట్టి కూలీలా?" అని అడగకూడదు. సాయంత్రానికల్లా కుటుంబాల్ని లారీ ఎక్కించేస్తారు. వారపు సంతలో, రేషన్ షాపు దగ్గర, అంగన్‌వాడీ దగ్గర మాట్లాడండి. అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు (మేస్త్రీ, అంటే అడ్వాన్సిచ్చి కూలీల్ని తెచ్చే మధ్యవర్తి, పేరు, ఊరు), ఎప్పుడు వచ్చారు, ఎంతమంది, పండక్కి ఊరెళ్తానంటే ఏమన్నారు, ఆధార్, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరున్నాయి. ఈ ఆరు రాసుకుంటే ఫిర్యాదు తయారైనట్టే.

ఫిర్యాదు కలెక్టర్‌కీ ఆర్డీవోకీ ఒకేసారి, రాతపూర్వకంగా, చేతికిచ్చి రసీదు తీసుకోండి. అప్పుడు విచారణ. విచారణలో కూలీని యజమానికి దూరంగా, విడిగా, తన భాషలో మాట్లాడించాలి. ఒడియా వాళ్లకు మేస్త్రీనే దుబాసీగా పెడితే కేసు అక్కడే చచ్చిపోయింది.

ఏలేరు_గట్టు
ఒడియా మాట్లాడేవాళ్లు మా దగ్గర లేరే?

మన్యం_మువ్వ
శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపు వాళ్లని అడగండి, ఇంట్లోనే రెండు భాషలు. బలాంగీర్, నువాపడా వైపు యాస కొంచెం వేరు గానీ పని నడుస్తుంది. ఫోన్లో స్పీకర్ పెట్టి మాట్లాడించినా లేనిదానికంటే నయం.

విముక్తి_పత్రం
మిగతాది. వెట్టి అని తేలగానే ప్రతి మనిషికీ విడిగా విముక్తి పత్రం ఇవ్వాలి. దీన్ని మించిన కాగితం లేదు, ఇది లేకపోతే పునరావాసం లేదు. 2016 నాటి కేంద్ర పథకం ప్రకారం పెద్ద మగవాళ్లకు 1 లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ 2 లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ నుంచి బయటపడినవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు, వికలాంగులకు 3 లక్షలు. 2 లక్షల్లో కనీసం 1.25 లక్షలు యాన్యుటీలో (విడతలుగా చేతికొచ్చే డిపాజిట్) వేయాలి, 75 వేలు ఖాతాలోకి. ఇదంతా వచ్చేలోపు తక్షణ సాయం మొదట 20 వేలుండేది, తర్వాత 30 వేలు చేశారు. దానికోసం జిల్లాకి 10 లక్షల నిధి ఉండాలి. తక్షణ సాయం విడిపించిన జిల్లాయే ఇవ్వాలి, సొంత జిల్లా ఇస్తుందిలే అని పంపేయకూడదు.

పెన్నా_ఇసుక
ఆచరణలో ఎక్కడ తేడా కొడుతుందో నేను చెప్తాను.

పత్రం కుటుంబానికి ఒకటే రాసి "మరియు నలుగురు" అంటారు. ఆ నలుగురికీ డబ్బు రాదు. ఆధార్‌లో ఒక పేరు, పత్రంలో ఇంటిపేరు లేకుండా ఇంకో పేరు. బ్యాంకు తిప్పి పంపుతుంది. వయసు వేయరు. పన్నెండేళ్ల పిల్లకు వయసు లేకపోతే పిల్లల కింద రాదు.
ఇంకోటి, "వలస కూలీలను స్వగ్రామాలకు పంపడమైనది" అని రాసి ముగిస్తారు. అది విముక్తి పత్రం కాదు, బస్సు ఎక్కించిన రసీదు. "వెట్టి కార్మిక వ్యవస్థ నిర్మూలన చట్టం 1976 కింద విముక్తుడు" అనే మాట, అప్పు రద్దయిందనే మాట, ఆర్డీవో సంతకం, ముద్ర, తారీఖు ఉండాలి. మాట తేడా వస్తే అక్కడే కూర్చుని తిరిగి రాయించండి.

నెల్లూరు, తిరుపతి వైపు యానాదులు బాతులు మేపడానికి, చేపల చెరువుల కాపలాకి, సరుగుడు నరకడానికి కుటుంబాలుగా వెళ్తారు. వాళ్లలో చాలామందికి కుల ధ్రువపత్రమే ఉండదు. విముక్తితో పాటే తహసీల్దార్ దగ్గర ఎస్టీ సర్టిఫికెట్ పెట్టించాలి, లేకపోతే తర్వాతివేవీ కదలవు.

సెక్షన్_చదువరి
ఎస్సీ, ఎస్టీ అయితే ఎఫ్ఐఆర్‌లో అట్రాసిటీ చట్టం 3(1)(హెచ్) తప్పకుండా పెట్టించాలి. వెట్టి చేయించడం అందులో విడి నేరం. 1976 చట్టం ఒక్కటే పెడితే స్టేషన్ బెయిల్, మూడేళ్లు, రెండు వేల జరిమానా. 1976లో రెండు వేలంటే బరువే, ఇవాళ అది బట్టీ యజమానికి ఒక లోడు ఇటుకల లాభం కూడా కాదు. ఈ జరిమానా పెంచకపోవడం సిగ్గుచేటు.

బట్టీ_లెక్కలు
కేసు సెక్షన్ 21 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ (ఆర్డీవో లాంటి అధికారి) సంక్షిప్త విచారణ చేయొచ్చు. ఫైలు కదలకపోతే, "శిక్ష పడలేదు కాబట్టి డబ్బు లేదు" అంటారు. పథకంలో అలా లేదు. విచారణ ముగియకపోయినా జిల్లా యంత్రాంగం ప్రాథమికంగా వెట్టి అని తేలిస్తే ప్రతిపాదన ఆపకూడదని రాసి ఉంది. ఆ పేరా ప్రింట్ తీసి దరఖాస్తుకి జతచేయండి.

సమ్మక్క_వాగు
పైసలు వచ్చేదాక ఏం తింటరు? అది చెప్పుండ్రి. విడిపించినోళ్లు మళ్ల అదే మేస్త్రీ కాడికి పోతున్నరంటే వాళ్ల తప్పు గాదు. బిడ్డ పెండ్లి ఉంటది, దవాఖాన ఉంటది, యాభై వేలు చేతుల పెట్టేటోడు ఆ మేస్త్రీ ఒక్కడే. ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ సారు సాంఘిక సంక్షేమ శాఖల ఉన్నప్పుడు జీతగాళ్ల విడుదలను పట్టుబట్టి నడిపిండు. ఆయన కాలంల కూడ సమస్య గదే, విడిచినంక బతుకుదెరువు.

విముక్తి_పత్రం
సమ్మక్క గారి ప్రశ్నే అసలైనది. 1984లో నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు కూడా పునరావాసం లేకుండా వదిలేస్తే మళ్లీ అదే ఊబిలోకి పోతారంది. మొదటి నెలలో చేయదగ్గవి: జాబ్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల్ని గురుకులంలో చేర్చడం, ఆడవాళ్లని డ్వాక్రా సంఘంలో చేర్పించడం. డ్వాక్రా అప్పు అంత తొందరగా రాదు, నిజమే. కానీ పొదుపు మొదలుపెడితే వచ్చే ఏడాది దసరాకి, మేస్త్రీ ఊళ్లోకి అడ్వాన్సులతో వచ్చే వేళకి, చేతిలో ఇంకో దారి ఉంటుంది.

కోరింగి_రేవు
ఏలేరు గారూ, ఆ రోజు కార్యక్రమానికి నా సూచన. మారిషస్‌లో సత్య న్యాయ కమిషన్ 2009లో వేశారు, 2011లో నివేదిక ఇచ్చింది. బానిసల వారసులు పోగొట్టుకున్న భూముల దాకా తవ్వారు. మీరూ మండలంలో 1976 తర్వాత విడుదలైన పాత జీతగాళ్ల జాబితా తీయండి. కొందరికి అప్పట్లో భూమి పట్టాలిచ్చారు. ఆ భూమి ఇవాళ ఎవరి సాగులో ఉందో సర్వే నంబరు పట్టి చూడండి. ఫిబ్రవరి 9న చదవాల్సింది ఆ జాబితా.

ఏలేరు_గట్టు
ఇది బాగుంది. ఇరవై మందిలో పది మంది సంతల్లో, ఐదుగురు పాత పట్టాల మీద, ఐదుగురు సమాచార హక్కు దరఖాస్తుల మీద. విముక్తి పత్రంలో ఉండాల్సినవి ఒక పేజీలో వేసి ఆర్డీవో ఆఫీసులో ఇస్తాం. ఒక్క అనుమానం: బట్టీలోనే పుట్టిన పసిపిల్లల పేరు పత్రంలో రాయాలా?

సెక్షన్_చదువరి
పసిపిల్ల పని చేయదు కాబట్టి వెట్టి కార్మికురాలిగా రాయరు. తల్లి పత్రంలో కుటుంబ సభ్యుల వరసలో మాత్రం తప్పక రాయించండి. అలాగే పుట్టిన చోటే పంచాయతీలో జనన నమోదు చేయించాలి. 21 రోజుల్లోపు ఉచితం, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు ఇప్పించే ఆర్డీవో ఆ రోజు మీ ఎదురుగానే ఉంటారు కాబట్టి రెండు దరఖాస్తులూ ఒకేసారి పెట్టండి.

మన్యం_మువ్వ
పోస్టర్ మీద 1098 (పిల్లలకు), 15100 (ఉచిత న్యాయ సాయం), 112 వేయండి. తెలుగు కింద ఒడియాలో కూడా. ఒడియా లిపి టైపు నేను చేసి పెడతాను, విషయం పంపండి.